మా గూడెం రన్‌వే మీద విమానం దిగుతుందా?

వట్లూరు అంటే మీలో చాలామందికి తెలియకపోవచ్చు. విజయవాడ నుంచి రైల్లో వస్తుంటే, ఏలూరు వచ్చేస్తోందని అందరూ సంచులు దించుకుంటారు చూడండి, సరిగ్గా అప్పుడు కిటికీ పక్కనుంచి వెనక్కి వెళ్ళిపోయే చిన్న స్టేషను మాది. కొద్ది రైళ్ళే ఆగుతాయి. ఏలూరులో కలిసిపోయినట్టే ఉంటుంది గానీ, మా ఊరు మా ఊరే.

పొద్దున్నే డాబా మీద బట్టలు ఆరేస్తుంటే అప్పుడప్పుడు తలమీద నుంచి విమానం వెళుతుంది. గన్నవరం వెళ్ళేదో, గన్నవరంలో లేచిందో. ఎన్నేళ్ళు వచ్చినా తల ఎత్తి చూడకుండా ఉండలేను. మావారు "చిన్నపిల్లవా?" అని నవ్వుతారు. నవ్వితే నవ్వనీండి. విమానం అంటే నాకు వేడుక ఒక్కటే కాదు, ఒక పాత బాధ కూడా. అది మీతో చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

పుట్టింటి పక్కన రన్‌వే

నా పుట్టిల్లు తాడేపల్లిగూడెం. మా వైపు అందరం గూడెం అనే అంటాం. ఉల్లిపాయల మార్కెట్టుకీ, బియ్యం మిల్లులకీ పేరున్న ఊరు. ఉల్లిపాయల లారీలు వచ్చిన రోజున వీధి చివరిదాకా ఘాటు వాసనే. ఆ గూడెంలో కడకట్ల వైపు వెళితే ఒక రన్‌వే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళు వేయించింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ భయంతో మన కోస్తా పొడవునా చాలాచోట్ల విమానాలు దిగే ఏర్పాట్లు చేసుకున్నారు. గన్నవరం కూడా ఆ రోజుల్లో మొదలైందే. యుద్ధం అయిపోయింది, వాళ్ళు వెళ్ళిపోయారు, రన్‌వే మిగిలింది.

మా చిన్నప్పుడు అది మాకు ఆటస్థలం. పొద్దున్న పెద్దవాళ్ళు నడక, సాయంత్రం పిల్లల క్రికెట్టు. మగవాళ్ళంతా సైకిలు, స్కూటరు, కారు నేర్చుకున్నది దాని మీదే. పగుళ్ళల్లో గడ్డి మొలిచి మేకలు తిరుగుతుండేవి. ఎండాకాలం మధ్యాహ్నం చూస్తే దూరంగా నీళ్ళున్నట్టు మెరిసేది. నాన్నగారు మమ్మల్ని వెంటబెట్టుకుని నడుస్తూ, "ఏదో ఒకనాడు ఇక్కడ మళ్ళీ విమానం దిగుతుందే" అనేవారు. నేనూ తమ్ముడూ నమ్మేశాం. చిన్నతనం కదా!

2007లో నాన్నగారు పోయారు. తమ్ముడు అప్పుడు మస్కట్‌లో ఉన్నాడు. కబురు అందిన వెంటనే బయల్దేరాడు పాపం. హైదరాబాదు బేగంపేటలో దిగేసరికి మధ్యాహ్నమైంది. ఆ రోజుల్లో గన్నవరానికి విమానాలు చాలా తక్కువ. అందేది ఒక్కటీ లేదు. కారు మాట్లాడుకుని రాత్రంతా ప్రయాణం చేసి తెల్లవారుజామున గుమ్మంలో అడుగుపెట్టాడు. అప్పటికే ముందురోజు సాయంత్రం అంతా అయిపోయింది. వేసవికాలం, ఉంచడానికి వీల్లేదన్నారు పెద్దలు. పెదనాన్నగారి అబ్బాయి తలకొరివి పెట్టాడు. తమ్ముడు ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పులు విడిచి నేరుగా నాన్నగారి మంచం దగ్గరికెళ్ళి కూర్చున్నాడు. ఖాళీ మంచం!

తప్పు ఎవరిదీ కాదు. కానీ అమ్మ మాత్రం ఆ తర్వాత ఎన్నోసార్లు అంది: "ఇంటి పక్కనే అంత రన్‌వే పెట్టుకుని, కొడుకు తండ్రి ముఖం చూడలేకపోయాడే!"

మొన్న మళ్ళీ చూసి వచ్చాను

2024లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త విమానాశ్రయాల కోసం ఏడు చోట్ల పేర్లు చెప్పింది. కుప్పం, దగదర్తి, ఒంగోలు, నాగార్జునసాగర్, తుని-అన్నవరం, శ్రీకాకుళంతో పాటు మా తాడేపల్లిగూడెం! పేపర్లో చూడగానే అమ్మ ఫోను చేసింది. "చూశావుటే, మీ నాన్న అన్న మాట" అని. ఆవిడకి డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. గొంతులో మాత్రం ఆ రోజు పదహారేళ్ళ పిల్ల వినిపించింది.

ఆ మధ్య ఒక ఆదివారం వంట తొందరగా ముగించి, పులిహోర డబ్బా పట్టుకుని గూడెం బయల్దేరాను. ఏలూరు వెళ్ళి రైలెక్కాను. దెందులూరు, భీమడోలు, పూళ్ళ, చేబ్రోలు, బాదంపూడి ఇలా ఒక్కొక్క ఊరే పలకరిస్తుంటే గూడెం రావడం తెలియదు. ఒకవైపు చేపల చెరువులు, ఇంకోవైపు వరిచేలు. నీళ్ళల్లో కొబ్బరిచెట్ల నీడలు.

సాయంత్రం అమ్మని ఆటోలో కూర్చోబెట్టుకుని రన్‌వే వైపు వెళ్ళాను. వెళ్ళి చూస్తే ఏముంది? 2015లో గూడేనికి ఎన్.ఐ.టి. వచ్చింది కదండీ, దానికి స్థలం ఇచ్చింది ఈ విమానాశ్రయం భూముల్లోనే. పెద్ద పెద్ద భవనాలు, దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు, వాళ్ళ వెనక టిఫిను బళ్ళు. మా చిన్నప్పటి మేకల మైదానం అది కాదు. ఊరు కూడా నాలుగువైపులా పెరిగింది. అమ్మ కాసేపు చూసి, "పోనీలే, విమానాలు దిగకపోతేనేం, విమానాలు చేసే పిల్లలు చదువుకుంటున్నారు" అంది. చెప్పొద్దూ, నాకు కళ్ళు చెమర్చాయి.

అంటే పాత రన్‌వే మీద పెద్ద విమానం దిగుతుందని ఆశ పెట్టుకోనక్కర్లేదు. 70 మంది పట్టే ఏ.టి.ఆర్. రకం చిన్న విమానానికే సుమారు కిలోమీటరున్నర రన్‌వే కావాలి. 180 మంది పట్టే ఎయిర్‌బస్‌కి రెండు కిలోమీటర్ల పైచిలుకు. రన్‌వే ఒక్కటే చాలదు. చుట్టూ ఎత్తయిన కట్టడాలు ఉండకూడదు, ప్రహరీ ఉండాలి, అగ్నిమాపక బండ్లు, ఇంధనం, వాతావరణం చూసేవాళ్ళు, పోలీసులు అందరూ ఉండాలి. అందుకే వస్తే గిస్తే కొత్తచోట కొత్తగా కట్టవలసిందే.

మన పొరుగున ఏం జరిగింది?

ఇల్లాలికి లెక్కలెందుకంటారేమో. నెల సరుకులు తెచ్చేటప్పుడు లెక్క చూసుకునేది మనమే కదా! అందుకని నేనూ కొంచెం చదివి, తెలిసినవాళ్ళని అడిగి కూర్చుకున్నాను.

చిన్న ఊళ్ళకి విమానాలు అన్నమాట కొత్తది కాదు. 1981లో వాయుదూత్ అని ప్రభుత్వమే మొదలుపెట్టింది. మన రాజమండ్రికి కూడా చిన్న విమానాలు నడిపింది. నష్టాలు తట్టుకోలేక 1993లో దాన్ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చి తక్కువ టికెట్టుతో హైదరాబాదు నుంచి గన్నవరానికి నడిపింది. మామూలు వాళ్ళు విమానం ఎక్కడం మా వైపు అప్పుడే మొదలైంది.

తర్వాత ఉడాన్ పథకం. దాని కింద 2017 ఏప్రిల్ 27న కడప నుంచి హైదరాబాదుకి విమానం మొదలైంది. గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయలు మించకుండా సగం సీట్లు ఇవ్వాలి, వచ్చే నష్టాన్ని మూడేళ్ళపాటు ప్రభుత్వం పూడుస్తుంది అన్నది ఏర్పాటు. మంచిదే. కానీ కడపకి నడిపిన ట్రూజెట్ సర్వీసులు 2022లో ఆగిపోయాయి. అదృష్టం కొద్దీ వెంటనే ఇంకో కంపెనీ అందుకుంది. గన్నవరం నుంచి 2018 డిసెంబరులో సింగపూరుకి విమానం మొదలుపెట్టారు. సీట్లు మిగిలిపోతే నష్టం రాష్ట్ర ప్రభుత్వం భరించే ఒప్పందం మీద. 2019లో అది ఆగిపోయింది. చేయూత ఉన్నన్నాళ్ళు నడిచి, చెయ్యి తీసేస్తే కూర్చుండిపోయే పసిబిడ్డలాంటిది ఈ వ్యవహారం. బిడ్డ తన కాళ్ళ మీద నిలబడాలంటే ప్రయాణికులు రోజూ ఎక్కాలి.

మూతపడిన చోట మళ్ళీ ఆశ పుట్టడం కూడా ఉంది. వరంగల్ దగ్గర మామునూరులో నిజాం నవాబు కాలంలో, 1930లో కట్టిన విమానాశ్రయం 1981లో ఆగిపోయింది. హైదరాబాదు విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు ఇంకోటి రాకూడదన్న ఒప్పందం అడ్డం ఉండేది. వాళ్ళు సరేనన్నాక 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. నలభై నాలుగేళ్ళు! మన గూడేనికి కూడా ఇలాంటి చిక్కే ఉంది. ఉన్న విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు కొత్తది కట్టాలంటే, పాతదానికి ఎంత నష్టమో చూశాకే కేంద్రం ఒప్పుకోవాలి. గూడేనికి ఒకవైపు రాజమండ్రి దగ్గర మధురపూడి సుమారు 60 కిలోమీటర్లు, ఇంకోవైపు గన్నవరం సుమారు 90. మా ఏలూరుకైతే గన్నవరం 40 కిలోమీటర్లే. ఇద్దరు పెద్ద కోడళ్ళు ఉన్న ఇంట్లోకి మూడో కోడలు వచ్చినట్టు ఉంటుంది గూడెం పరిస్థితి.

ఒక చిన్న లెక్క

రోజుకి ఒక్క చిన్న విమానం, 72 సీట్లది, హైదరాబాదు నుంచి వచ్చి వెళుతుందనుకుందాం. రానూ పోనూ 144 సీట్లు. నెలకి 4,320. నూటికి 70 మంది నిండితే చాలనుకున్నా 3,000 మందికి పైగా నెలనెలా టికెట్టు కొనాలి. పండక్కి మాత్రమే కాదు, శూన్యమాసంలో కూడా!

మరి మన వాళ్ళు ఎక్కుతారా? మా ఇంటి నుంచి కూకట్‌పల్లిలో ఉన్న ఆడపడుచు ఇంటికి లెక్క వేశాను. గన్నవరం వెళ్ళడానికి గంట, ముందుగా చేరుకోవాలి కాబట్టి రెండు గంటలు, ఆకాశంలో గంట, శంషాబాదు నుంచి ఇంటికి గంటన్నర. మొత్తం అయిదున్నర గంటలు. రైలు ఆరు గంటల్లో చేరుస్తుంది, పైగా పడుకుని వెళ్ళొచ్చు. కాబట్టి ఒక్క హైదరాబాదు కోసమే అయితే విమానం మనకి పెద్దగా కలిసిరాదు. ఢిల్లీ, బొంబాయి, బెంగుళూరు వెళ్ళేవాళ్ళకీ, గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి వచ్చేవాళ్ళకీ కలిసొస్తుంది. మా జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకి వెళ్ళిన ఆడవాళ్ళు ఎంతమంది! ఇళ్ళల్లో పనిచేసి పిల్లల చదువులకి డబ్బు పంపేవాళ్ళు. హైదరాబాదులో దిగి, పెట్టెలు మోసుకుంటూ బస్సు కోసం రాత్రి నిలబడేది వాళ్ళే. విమానం ఎవరికి అని అడిగితే ముందు వాళ్ళకి అంటాను నేను.

భూమి, నీళ్ళు, పక్షులు

గూడెంలో అమ్మ పక్కింటి పిన్నిగారికి ఊరవతల మూడెకరాలు ఉంది. ఆ సాయంత్రం ఆవిడ కాఫీ ఇస్తూ, "అమ్మాయ్, విమానం వస్తే నా పొలం ధర పెరుగుతుందంటున్నారు. పొలమే తీసుకుంటే ధర ఎవరికే?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. గన్నవరం రన్‌వే పెంచడానికి బుద్ధవరం లాంటి ఊళ్ళ రైతులు భూములు ఇచ్చారు. ఏలూరు కాలువనే మళ్ళించే పని పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ కాలువ నీళ్ళు మా ఊరి వైపుకే వస్తాయి. ఏలూరులో కృష్ణ నీళ్ళు, గోదావరి నీళ్ళు కలుస్తాయని మా అత్తగారు గొప్పగా చెప్పేవారు. పైన ఎగిరేదాని కోసం కింద ఎన్ని కదలాలో చూడండి!

ఇంకో సంగతి. కొల్లేరు మాకు పెరటి లాంటిది. చలికాలంలో కైకలూరు దగ్గర ఆటపాకకి ఒకసారి వెళ్ళి చూడండి. అటవీశాఖ వాళ్ళు నీళ్ళల్లో ఇనప మంచెలు కట్టారు. వాటి నిండా గూడబాతులు! ఇంత పెద్ద ముక్కు, కింద సంచీ, పిల్లల నోట్లో చేపలు పెట్టడం చూస్తే మనమే గుర్తొస్తాం. పడవలో తీసుకెళ్ళి చూపిస్తారు. 1999లో కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. ఒక్కో గూడబాతు నాలుగైదు కిలోలు తూగుతుంది. అలాంటిది విమానం ఇంజనులో పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? అందుకే విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు జంతువులను కోసి వ్యర్థాలు పడేయడం, చెత్త పారబోయడం చేయకూడదని చట్టమే ఉంది. చేపల చెరువులతో నిండిన మా ప్రాంతంలో ఎక్కడ కట్టినా ఈ సంగతి ముందు ఆలోచించాలి. విమానమూ క్షేమంగా దిగాలి, పక్షీ క్షేమంగా గూటికి చేరాలి.

ప్రయాణం పెట్టుకున్న వారికి

మా అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం. గన్నవరంలో దాన్ని ఎక్కించి వస్తుంటాం. మొదటిసారి ఆవకాయ సీసా చేతిసంచిలో పెట్టాను. లోపల తీయించేశారు. నాలాగా మీరు బాధపడకూడదని చెబుతున్నాను.

పచ్చళ్ళు, నెయ్యి, కారప్పొడి చేతిసంచిలో పెట్టకండి. మూత బిగించి, రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టండి. ఎండుకొబ్బరి మాత్రం పెద్ద పెట్టెలో కూడా ఒప్పుకోరు, అందులో నూనెకి నిప్పంటుకునే గుణం ఉందట. మన దేశంలో తిరిగే విమానాల్లో సాధారణంగా పెట్టె 15 కిలోలు, చేతిసంచి 7 కిలోలు. ఇంట్లోనే తూకం వేసుకుంటే అక్కడ తిప్పలుండవు. పెద్దవాళ్ళు నడవలేకపోతే టికెట్టు కొనేటప్పుడే చక్రాల కుర్చీ అడగండి, మొహమాటపడకండి. అమ్మని ఒకసారి అలాగే బెంగుళూరు తీసుకెళ్ళాను. పైకి లేవగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది. తెరిచి కిందకి చూసి, "మన గూడెం ఎక్కడే?" అని అడిగింది.

నాకు తోచింది

అన్నీ చూశాక నాకు తోచింది ఇది. గూడేనికి విమానాశ్రయం రావాలని నాకూ ఆశే. కానీ పేపర్లో పేరు రావడం వేరు, విమానం రోజూ దిగడం వేరు. వచ్చేలోపు చేయగలిగినవి చాలా ఉన్నాయి. ఏలూరు నుంచి, గూడెం నుంచి విమానాల వేళలకి సరిపోయేలా గన్నవరానికీ, మధురపూడికీ మంచి బస్సు నడిపితే? రాత్రిపూట ఆడపిల్ల ఒక్కతే దిగినా భయం లేకుండా ఇంటికి చేరేలా? గన్నవరం రైల్వేస్టేషను విమానాశ్రయానికి దగ్గర్లోనే ఉంది. మా వట్లూరులో ఎక్కి అక్కడ దిగే రైలు వేళకి ఉంటే ఎంత బాగుంటుంది! వాటికి రన్‌వే కట్టినంత డబ్బు అవసరం లేదు. జనం అలవాటు పడితే, ఎంతమంది ఎక్కుతున్నారో లెక్క తేలితే, అప్పుడు గూడెం సంగతి దానంతట అదే ముందుకొస్తుంది.

తమ్ముడు ఇప్పుడు మస్కట్ వదిలేసి వచ్చేశాడు. అమ్మ దగ్గరే ఉంటున్నాడు. ఇద్దరూ కలిసి సాయంత్రాలు ఆ రోడ్డు చివరిదాకా ఆటోలో వెళ్ళి వస్తుంటారట. ఏం చూస్తారని అడిగితే, "ఆకాశం చూస్తాం అక్కా" అన్నాడు.

మీ ఊళ్ళో కూడా ఇలాంటి పాత రన్‌వే ఉందా? ఉంటే ఒక సాయంత్రం పిల్లల్ని తీసుకుని వెళ్ళి చూసి రండి. దాని కథ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. తప్పకుండా ఒకరికి ఏదో గుర్తుంటుంది.